గేర్‌బాక్స్ తీసింది నేనే

పెద్దబాపు పోయారన్న ఫోను వచ్చేసరికి నేను కరీంనగర్ బస్టాండులో ఉన్నాను. ఆయన మా బాపుకు అన్న. లక్సెట్టిపేటలో వరికోత యంత్రాల డీలరు. ఏ ఉద్యోగంలోనూ ఆరు నెలలు కుదురుగా ఉండని నేను ఆయన షోరూములో మాత్రం రెండేళ్లు పనిచేశాను.

కొత్త యంత్రం అమ్మిన రోజు ఆయన రైతుతోపాటు పొలానికి వెళ్లేవారు. చెప్పులు గట్టు మీద విడిచి, మొదటి చుట్టు పూర్తయ్యేదాకా దాని చప్పుడు వింటూ వెనకే నడిచేవారు. నేను నవ్వితే, “కంపెనోళ్లు దీన్ని ఫ్యాక్టరీల సూసిండ్రు బిడ్డా. బురదల సూసేది మనమే” అనేవారు.

ఒకసారి కోతలప్పుడు, మధ్యాహ్నం ఒక రైతు పరుగున వచ్చాడు.

“సేటూ, మిషన్ నడి పొలంల ఆగింది. గేర్‌బాక్స్ పోయిందట. మబ్బు సూస్తివా? నా వరంత ఒరిగిపోయింది!”

కంపెనీ డిపోకు ఫోను చేశాను. వారం పడుతుందన్నారు. పెద్దబాపు ఆకాశం చూశారు, అమ్మకానికి నిలబెట్టిన కొత్త యంత్రం చూశారు, పానా అందుకున్నారు. కొత్త యంత్రంలోంచి సామాను తీస్తే డీలర్‌షిప్ రద్దని కంపెనీ నియమం. గుర్తుచేశాను.

“గా ముచ్చట రేపు. ముందు గీ బోల్టు పట్టు.”

వాన పడేలోగా ఆ పొలం కోత అయిపోయింది. రెండు రోజులకు కంపెనీ ఆఫీసరు తనిఖీకి వచ్చి, “దీని గేర్‌బాక్స్ ఏదండీ? రాతపూర్వకంగా సంజాయిషీ ఇవ్వండి. డీలర్‌షిప్ పోవచ్చు” అని చెప్పి వెళ్లారు.

‘రవాణాలో దెబ్బతిని వచ్చింది’ అని టైపు చేసి, తెలివిగా రాశానని మురుస్తూ చూపించాను.

“కొట్టెయ్.”

“షోరూము పోతది పెద్దబాపూ!”

“అబద్దం రాస్తే, మనకేం కావాల్నో వాళ్లకెట్ల తెలుస్తది? రాయి. గేర్‌బాక్స్ తీసింది నేనే. మీ డిపోల లేదు. మల్ల గిట్లనే అయితే మల్ల తీస్త.”

ముప్పై ఏళ్ల బతుకును ఆ నాలుగు మాటల మీద పెట్టి, ఆయన అన్నానికి లేచారు. నేను ఆయన చెప్పినట్టే టైపు చేసి పంపాను.

నెల దాకా జవాబు లేదు. పెద్దమ్మ ఒకటే పరేషాన్. ఆ తర్వాత అదే ఆఫీసరు జీపులో ఒక చెక్కపెట్టెతో దిగారు.

“మీ ఉత్తరం మీటింగులో చదివారండీ. ఎక్కువగా విరిగే సామాన్లు ఇకనుంచి కోతలకు ముందే డీలర్లందరి దగ్గరా ఉంచుతాం. కోతలయ్యాక మిగిలినవి వెనక్కి పంపండి.”

పెద్దబాపు పెట్టె చుట్టూ తిరిగి చూశారు. “గింత సిన్న డబ్బనా సార్? మా రైతులను మీరెరుగరు. ఇరగ్గొట్టుట్ల మస్తు హుషారు!”

అంత పెద్ద కంపెనీకి ఏం చేయాలో లక్సెట్టిపేటలో కూర్చొని ఒక మనిషి చెప్పగలడని నేను కలలో కూడా అనుకోలేదు. కాలేజీ చదువు నాకు తప్పించుకోవడమే నేర్పిందా అని ఇప్పటికీ సిగ్గుపడతాను.

ఆయన పోయిన మూడో రోజు ఈ కోతలకు కంపెనీ పంపిన సామాన్ల పెట్టె వచ్చింది. సగం దించిన షట్టరు కింద నేను సంతకం పెడుతుంటే ఒక రైతు వచ్చి బయటే ఆగిపోయాడు.

“మూసిండ్రా అక్కా?” అని నన్ను అడిగాడు.

లోపలి నుంచి పెద్దమ్మ గొంతు వినిపించింది. “ఏం కావాల్నో అడుగు బిడ్డా.”

బెల్టు కావాలన్నాడు. పెట్టె మేకులు ఊడదీసి ఇచ్చాను. అతను దాన్ని భుజానికి తగిలించుకొని, పెద్దబాపు ఫొటోకు దండం పెట్టి, బండి తిప్పాడు. రోడ్డు మలుపు దాకా ఆ నల్లటి బెల్టు అతని వీపు మీద ఊగుతూనే ఉంది.