పదకొండు దగ్గర ఆగిన లెక్క

కరోనా రెండోసారి వచ్చిన వేసవిలో, తన కోసం వచ్చిన అంబులెన్సులో నాగమణి మొగుణ్ణి ఎక్కించి పంపేసిందని మా వీధిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. జ్వరం ఆవిడకి, ఆసుపత్రి ఆయనకి అని నవ్వుతారు కూడా.

వాళ్ళది మా పక్కిల్లు. మధ్యలో కొబ్బరాకుల దడి ఒక్కటే. పిన్ని, బాబాయి గారు అని పిలుస్తాను. తొమ్మిదో తరగతితో బడి మానేసి ఇంట్లోనే ఉండే నాకు ఆ ఇంటి చప్పుళ్ళన్నీ తెలుసు.

పెద్దిరాజు బాబాయి గారు కొబ్బరి దింపుల దగ్గర, చెట్ల నుంచి కోసిన కాయలు లెక్కపెట్టే మనిషి. చేతికి రెండేసి కాయలు విసురుతూ, ఒకటికి బదులు "లాభం" అని మొదలుపెట్టి, ఇరవై దాకా ఒకే ఊపిరిలో పాటలా లాగేవారు. పి.గన్నవరం షావుకార్లకి ఆ గొంతంటే నమ్మకం.

ఆ వేసవి ఇద్దరికీ కరోనా అని తేలింది. పిన్నికి ఒళ్ళు కాలిపోయే జ్వరం, వీధి చివరికి వినిపించే దగ్గు. ఆయనకి తుమ్ము కూడా లేదు. ఊరికే కూర్చోలేక పెరట్లో సొంత కాయలే లెక్కపెట్టుకునేవారు.

ఒక పొద్దున నేను దడి ఇవతల అంట్లు తోముతున్నాను. పదకొండు దగ్గర పాట ఆగింది. ఊపిరి తీసుకుని పన్నెండు అన్నారు. మళ్ళీ మొదలుపెట్టారు. ఈసారి ఏడు దగ్గరే ఆగింది. పిన్ని దుప్పటి కప్పుకునే బయటికి వచ్చింది.

"ఏవండీ, ఇంకోసారి లెక్కెట్టండి."

"పొద్దున్నే నీకు పాటకచేరీ కావాలేటే?"

"నవ్వకండి. లెక్కెట్టండి."

నాలుగు దగ్గర ఆగారు. పెదాలు నేరేడుపళ్ళు తిన్నట్టున్నాయి.

"ఆయాసంగా ఉందా?"

"నాకేటి, గుండ్రాయిలా ఉన్నాను. నువ్వెళ్ళి పడుకో."

పిన్ని దడి పక్కకి వచ్చి నిలబడి ఫోను చేసింది.

అంబులెన్సు వచ్చేసరికి వీధంతా గుమ్మాల్లో ఉంది. ఎదురింటి వీరలక్ష్మి గారు ముక్కుకి చెంగు అడ్డం పెట్టుకుని అరిచారు. "ఎక్కవే నాగమణీ! వీధందరికీ అంటించేత్తావేటి?"

పిన్ని దగ్గుతూనే ఆయన్ని ముందుకు తోసింది.

"జ్వరం నీకుంటే నేనెక్కడమేటే? నలుగురూ నవ్వుతారు," బాబాయి గారు చెయ్యి విదిలించుకున్నారు.

"నవ్వనీండి. ఎక్కండి."

అంబులెన్సులో వచ్చినతను ముందు పిన్ని వేలికి ఆక్సిజన్ చూసే మిషను పెట్టాడు. "తొంభై ఆరు. పర్లేదమ్మా." తర్వాత ఆయన వేలికి పెట్టాడు. చూసి, తీసి, తుడిచి, మళ్ళీ పెట్టాడు. గొంతు తగ్గించి, "డెబ్భై తొమ్మిది. ఎలా నిలబడ్డారండీ మీరు?" అన్నాడు.

గుమ్మాల్లో వాళ్ళకి ఆ మాట వినపడలేదు. బాబాయి గారు ఎక్కుతూ మెట్టు మీద తూలారు. పిన్ని జబ్బ పట్టుకుంది.

ఆవిడకి గంజి తాగుతూ ఇంట్లోనే తగ్గిపోయింది. ఆయన అమలాపురంలో చాలా రోజులు ఆక్సిజన్ మీద ఉండి వచ్చారు. ఇప్పుడు పీట మీద కూర్చుని లెక్కపెడతారు. పది దగ్గర ఒకసారి ఆగుతారు. మళ్ళీ అందుకునేదాకా పిన్ని చేతిలో పనీ ఆగుతుంది.

ఆ పొద్దున ఫోనులో పేషెంటు పేరు అడిగితే, పిన్ని పెద్దిరాజు అనే చెప్పింది.