కట్టినవారి గడి

మా డ్రైఫోర్క్ రైఫిల్ క్లబ్బు గోడకు ఒక పెద్ద చెక్క బోర్డు ఉంది. వెయ్యి గజాల పందెంలో ఏటేటా గెలిచినవాళ్ళ పేర్లు దాని మీద ఉంటాయి. పేరు, రైఫిలు, గుండు బరువు, చివర్లో ‘తూటా కట్టినవారు’ అని ఒక గడి. ముప్ఫై ఏళ్ళుగా ఆ గడులు నింపుతున్నది నేనే. క్లబ్బు కార్యదర్శిని, స్కోర్లు రాసేదాన్ని, కాఫీ కాచేదాన్ని, ఇర్మాని. ఆ బోర్డు మీద పదకొండు సార్లు రాయిస్ టోఫ్ట్ అని రాశాను. పక్క గడిలో పదకొండు సార్లూ ‘తానే’ అని రాశాను. పదకొండూ అబద్ధాలే. ఆ తూటాలు కట్టింది అతని భార్య ఆర్లీన్. వాళ్ళది మా పక్కిల్లు, నాకు తెలియకుండా ఎలా ఉంటుంది?

మా వైపు మగవాళ్ళకు ఒక పట్టింపు ఉంది. ఒకరు కట్టిన తూటా ఇంకొకరు కాల్చరు. సొంత తమ్ముడు ప్రేమగా పెట్టెడు ఇచ్చినా, థాంక్స్ చెప్పి తీసుకుని ఏ మూలో పడేస్తారు. తూటాలో తుపాకిమందు ఎంత పోశాడో, ఏ ధ్యాసలో పోశాడో ఎవరికి తెలుసు? చెంప ఆనించి కాల్చేది మనం కదా. అందులో న్యాయం లేకపోలేదు. క్లబ్బుకు దాన్ని మించిన నియమం ఇంకొకటి ఉంది. ఎవరు కట్టిన తూటా వల్ల కాల్చే లైను మీద రైఫిలే బద్దలవుతుందో, వాళ్ళు ఇక జన్మలో ఆ లైను తొక్కకూడదు. బోర్డు మీద వాళ్ళ పేరుంటే చెరిపెయ్యాలి.

పెళ్ళయిన కొత్తలో రాయిస్ కూడా తూటాలు తనే కట్టుకోబోయాడు. దున్నపోతు బలం, దూడకున్నంత ఓపిక. త్రాసు ముల్లు ఊగుతుంటే దాన్ని బూతులు తిట్టేవాడు. ఆర్లీన్ గోధుమల గోదాములో శాంపిళ్ళు తూచే ఉద్యోగం చేసేది. గింజ తేడా వస్తే పట్టుకునే చెయ్యి ఆమెది. ఒక చలికాలం “ఇటివ్వు” అని త్రాసు లాక్కుంది. అంతే, ఇరవై రెండేళ్ళు ఆ బల్ల ముందునుంచి లేవలేదు.

నేను ఎన్నోసార్లు వెళ్ళి పక్కన కూర్చున్నాను. బల్ల మీద ఉతికిన తెల్లగుడ్డ పరిచేది. కాల్చేసిన ఇత్తడి తొడుగుల్ని కడిగి, మూతులు సరిచేసి, పిల్లల్ని బడిలో నిలబెట్టినట్టు వరసగా నిలబెట్టేది. బల్ల మీద మందు డబ్బా ఎప్పుడూ ఒక్కటే ఉండాలి. రెండోది కావాలంటే మొదటిది మూతపెట్టి బీరువాలో పెట్టి రావాలి. “రెండు మందులూ చూడ్డానికి ఒక్కలాగే ఉంటాయే ఇర్మా. ఒకటి నిదానంగా మండేది, ఒకటి పిచ్చిది. పొరపాటున కలిసాయంటే దేవుడు కూడా విడదీయలేడు” అనేది. కాల్చేకొద్దీ బ్యారెల్ లోపల అరుగుతుంది కదా, ఆ అరుగుదలను బట్టి గుండును ప్రతి ఏడూ వెంట్రుకవాసి ముందుకు జరిపి కట్టేది. ఆ లెక్క ఆమె పుస్తకంలో ఉండేది. రాయిస్‌కు ఆ పుస్తకం ఏ రంగులో ఉంటుందో కూడా తెలియదు.

సొమ్మొకడిది సోకొకడిది అంటారే, అలా సాగింది. పదకొండోసారి గెలిచిన ఏడు, క్లబ్బు విందులో రాయిస్ లేచి నిలబడి తూటా కట్టడం ఒక తపస్సని ఉపన్యాసం ఇచ్చాడు. అన్నీ ఆర్లీన్ మాటలే, చిలక పలుకులు. ఎవరో బ్యారెల్ అరుగుదల గురించి అడిగారు. తడబడి ఏదో చెప్పాడు. పక్కనే కూర్చున్న ఆర్లీన్ మెల్లిగా అంది, “అలా కాదు రాయిస్, వెనక్కి కాదు, ముందుకి.”

“నువ్వు ఆ బంగాళాదుంపలు చూసుకోవమ్మా తల్లీ, తుపాకుల సంగతి మేం చూసుకుంటాం” అన్నాడు రాయిస్.

హాలు హాలంతా గొల్లుమంది. క్లబ్బు పెద్ద వెండెల్ అయితే బల్ల చరిచి మరీ నవ్వాడు. నేనూ నవ్వాను. ఎందుకు దాచాలి, నవ్వాను. ఆర్లీన్ నా వైపు ఒకసారి చూసి, ముందున్న బంగాళాదుంపల గిన్నె పక్కవాళ్ళకు అందించింది.

తర్వాతి వేసవి పందేనికి పేరు ఇవ్వడానికి ఇద్దరూ నా గదికి వచ్చారు. రాయిస్ కాగితం నింపుతూ చివరి గడి దగ్గరకు వచ్చేసరికి ఆర్లీన్ దాని మీద వేలు పెట్టింది.

“ఈసారి ఇక్కడ నా పేరు రాయి.”

రాయిస్ మొదట వేళాకోళమనుకున్నాడు. తర్వాత మొహం ఎర్రబడింది. “మతుండే మాట్లాడుతున్నావా? నా రైఫిల్‌కి గౌను తొడగమంటావా? ఊళ్ళో తలెత్తుకు తిరగొద్దా నేను?”

“ఇరవై రెండేళ్ళు కట్టాను. ఒక్కసారి రాయి. మళ్ళీ అడగను.”

“ఛత్, నీ తూటాలూ వద్దు, నీ గోలా వద్దు” అన్నాడు. నా బల్ల మీది ఫోనే అందుకుని, కొలతలు పంపితే మన రైఫిలుకు తగ్గట్టు తూటాలు చేసిచ్చే కంపెనీ ఒకటుంటే దానికి అక్కడికక్కడే ఆర్డరు చెప్పాడు. అడిగిన కొలతలన్నీ నోటికొచ్చినవి చెప్పాడు, ఎప్పుడో మూడేళ్ళ కిందట ఆర్లీన్ నోట విన్నవి. ఫోను పెట్టేసి, ఆ గడిలో కంపెనీ పేరు రాశాడు. పెద్ద పెద్ద అక్షరాలతో, గీతలు దాటి పోయేలా.

ఆర్లీన్ ఆ కాగితాన్ని చాలాసేపు చూసింది. అతను బయటకు వెళ్ళాక నాతో అంది, “కంపెనీ పేరు పట్టిన గడిలో నా పేరు పట్టలేదా ఇర్మా?”

“పోనీలేవే, చిన్న గడి” అన్నాను నేను. ఇప్పుడు తలుచుకుంటే నా నోరు నేనే కుట్టేసుకోవాలనిపిస్తుంది.

ఆ సాయంత్రమే ఆమె బల్ల తుడిచి, త్రాసు మీద గుడ్డ కప్పి, మందు బీరువాకు తాళం వేసి, తాళంచెవి గోడ మేకుకు తగిలించింది. పుస్తకం మాత్రం తన పెట్టెలో పెట్టుకుంది.

కంపెనీ తూటాలు నిగనిగలాడుతూ వచ్చాయి, నురుగు పెట్టెలో ఒక్కోదానికి ఒక్కో గుంట. వాటినేం తప్పు పట్టను. చెప్పిన కొలతకు అణువు తేడా లేకుండా చేసి పంపారు. చెప్పిన కొలతే చెత్తది. ఆగస్టు పందెంలో రాయిస్ గుళ్ళు నిచ్చెన మెట్లలా ఒకటి పైన, ఒకటి కింద పడ్డాయి. తొమ్మిదో స్థానం.

“ఏమోయ్ రాయిస్, నీ తపస్సు ఏమైంది? అప్సరస గానీ వచ్చి చెడగొట్టిందా?” అన్నాడు వెండెల్, అందరి ముందూ.

రాయిస్ ఇంటికొచ్చి టోపీ విసిరికొట్టాడు. మా వంటింటి కిటికీలోంచి నాకు ప్రతి మాటా వినబడింది.

“ఒసే, రేపట్నుంచి కూర్చో. ఓ వంద కట్టు.”

“పేరు రాస్తావా?”

“రాయను.”

“అయితే కట్టను.”

“నువ్వు లేకపోతే నాకు చేతకాదనుకున్నావా? కోతులకు నేర్పినా చేస్తాయి ఆ పని!”

“మంచిది. నేర్చుకో” అంది ఆర్లీన్.

అక్టోబరులో ఒక శనివారం, ఎండ బాగా కాస్తున్న పూట, రాయిస్ సాధనకు వచ్చాడు. కొత్త పెట్టె తెచ్చాడు. మీద అతని లావుపాటి రాత. వెండెల్‌కు చూపించి, “కంపెనీలూ లేవు, ఏమీ లేవు. మళ్ళీ నా చేత్తోనే” అన్నాడు. ఆ మాట నేను చెవులారా విన్నాను. వెండెల్ కూడా విన్నాడు.

రెండో తూటాకే రైఫిలు బద్దలైంది. ఆ చప్పుడు మామూలు చప్పుడు కాదు, లైను మీద ఉన్నవాళ్ళందరికీ తెలిసిపోయింది. వెళ్ళి చూస్తే రాయిస్ వెల్లకిలా పడి ఉన్నాడు. కుడి కన్ను పోయింది. ఎడమచేతికి బొటనవేలూ చిటికెన వేలూ మిగిలాయి, మధ్యలో మూడూ లేవు. అతను అరవను కూడా లేదు. చేతిని ఎత్తి పట్టుకుని, అది ఎవరిదో అన్నట్టు చూస్తూ ఉన్నాడు.

ఆర్లీన్ ఆసుపత్రికి పరుగెత్తింది. అతని బట్టలు తెమ్మని నన్ను ఇంటికి పంపింది. బట్టలు తీసుకుని వస్తూ తూటాల గదిలోకి తొంగి చూశాను. తెల్లగుడ్డ కింద పడి ఉంది. దాని మీద బూటు అచ్చులు. బల్ల మీద రెండు మందు డబ్బాలు, రెండూ మూత లేకుండా. మిగిలిన మందు గరాటుతో ఒక దాంట్లోకి వెనక్కి పోసినట్టున్నాడు, ఏ డబ్బాలోది ఏ డబ్బాలోకి పోసిందీ చూసుకోలేదు. తలుపు దగ్గరికేసి వచ్చేశాను.

మూడో రోజు నేనూ వెండెలూ ప్రమాదం కాగితం పట్టుకుని ఆసుపత్రికి వెళ్ళాం. రాయిస్ తలంతా కట్లు, ఒక్క కన్నే కనబడుతోంది. ఆర్లీన్ కిందికి కాఫీ తేవడానికి వెళ్ళింది. తేదీ, రైఫిలు, గుండు బరువు రాశాను. ఆ గడి వచ్చింది. తూటా కట్టినవారు.

రాయిస్ కాగితం వైపు చూశాడు. “తానే అని రాస్తే నన్ను బోర్డు మీంచి చెరిపేస్తారు కదూ?”

వెండెల్ బూట్లు చూసుకుంటూ అన్నాడు, “నియమం నియమమే కదా రాయిస్. పదకొండూ పోతాయి.”

ఆ ఒంటి కన్ను తలుపు వైపు తిరిగి, మళ్ళీ కాగితం మీదకు వచ్చింది.

“ఆర్లీన్” అన్నాడు. “ఆర్లీన్ అని రాయండి. నిజానికి ఇన్నేళ్ళూ అదే కట్టింది. సిగ్గేసి చెప్పలేదు.”

ఇరవై రెండేళ్ళు దాచిన నిజాన్ని, అది అబద్ధమైన ఒకే ఒక్క రోజున బయటపెట్టాడు దుర్మార్గుడు. “మరి పాతవి కూడా మార్చాలిగా?” అన్నాను. అంతవరకే వచ్చింది నాకు ధైర్యం.

“పాతవి ఇప్పుడెందుకు కెలకడం? కన్ను పోయిన మనిషి, పోనివ్వు” అన్నాడు వెండెల్. శనివారం విన్న మాట అతనికీ గుర్తుంది, నాకూ గుర్తుంది. నాకైతే ఆ రెండు డబ్బాలు కళ్ళ ముందే ఉన్నాయి. అయినా రాశాను. ఆ గడిలో ఆర్లీన్ టోఫ్ట్ అని నా చేత్తో రాశాను. కార్యదర్శి పని ఊడుతుందనా? కట్లు చూసి జాలేసా? కాదు. నలుగురు మగవాళ్ళతో మాట పడడం ఇష్టంలేక. అంతకంటే గొప్ప కారణమేమీ లేదు.

వారం తిరక్కుండా మేం కాల్చే మైదానం, అదే రేంజి, గేటుకు పలక వేలాడింది. ‘ఆర్లీన్ టోఫ్ట్ కట్టిన తూటాలు ఇక్కడ కాల్చరాదు. ఆమెకు ప్రవేశం లేదు.’ అదీ నేను రాసిందే. ఆర్లీన్ వచ్చి కారు దిగకుండా చదివింది. నన్ను చూసి అద్దం దించింది.

“బట్టలకని పంపితే, నువ్వు ఆ గదిలోకి వెళ్ళావుగా?”

“వెళ్ళాను.”

“బల్ల చూశావుగా?”

“చూశాను.”

ఇంకేమైనా చెబుతానేమోనని ఆగింది. నేను చెప్పలేదు. అద్దం ఎక్కించుకుని వెళ్ళిపోయింది.

నవంబరు విందు ఊళ్ళో చర్చి హాల్లో జరిగింది. రేంజి కాదు గనక ఆర్లీన్ రావచ్చన్నారు, మహా దయతో. రాయిస్ ఇక కారు నడపలేడు కదా, తీసుకురావడానికి ఎవరో ఒకరు కావాలి. బోర్డును కూడా అక్కడికి మోసుకొచ్చి గోడకు ఆనించారు. అతనికి జీవితకాల సభ్యత్వం ఇచ్చారు. అందరూ లేచి చప్పట్లు కొట్టారు. తర్వాత ఎల్క్ అనే పెద్ద దుప్పి మాంసం వచ్చింది, ఒక్కొక్కరికి అరచేయంత ముక్క, పక్కన బంగాళాదుంపలు.

రాయిస్ కుడిచేత్తో కత్తి పట్టుకున్నాడు. ఎడమచేతిలో ఫోర్కు నిలవడంలేదు. రెండుసార్లు జారింది. పళ్ళెం ఆర్లీన్ వైపు తోశాడు.

“కోసిపెట్టు.”

ఆర్లీన్ నోట్లో ముద్ద నమిలి మింగింది. నీళ్ళు తాగింది. “ఇర్మా, ఆ బోర్డు మీద ఈయన పేరు పక్కన చివరి గడిలో ఏముందో చదువు” అంది, హాలంతటికీ వినబడేలా.

వెండెల్ నన్ను ఉరిమి చూశాడు. ఈసారి నేను లేచి నిలబడ్డాను. “తానే” అని చదివాను.

“ఎన్నిసార్లుంది?”

“పదకొండు.”

“విన్నావుగా” అంది ఆర్లీన్ మొగుడితో. “నేను ముట్టుకున్నది ఏదైనా ప్రమాదమట, గేటుకు రాసిపెట్టారు. నువ్వే కోసుకో.”

రాయిస్ నవ్వబోయాడు. ఎవరూ తోడు రాలేదు. పళ్ళెం తన ముందుకు లాక్కుని కత్తితో నొక్కాడు. ముక్క జారి బల్ల మీద పడింది. మళ్ళీ పళ్ళెంలో వేసుకున్నాడు. మళ్ళీ జారి ఈసారి ఒళ్ళో పడింది. ఒంటి కన్నుతో వెండెల్ వైపు చూశాడు. అతను తల దించుకుని తన పళ్ళెంలోది తింటున్నాడు. అంతమంది స్నేహితులున్నారు, ఒక్కడు చెయ్యి చాచలేదు. నేనూ చాచలేదు. నాకు చాచాలనిపించలేదు.

చివరికి ఆ ముక్కను చేత్తో పట్టుకుని కొరికాడు. నెయ్యిలాంటి కొవ్వు గడ్డం మీదుగా కొత్త చొక్కా మీదకు కారింది. ఆర్లీన్ తన ముక్క పూర్తిగా తిని, మూతి తుడుచుకుని, బంగాళాదుంపల గిన్నె అతని ముందుకు జరిపింది. తర్వాత కారు తాళాలు తీసుకుని ఒక్కతే వెళ్ళిపోయింది.

హాల్లో ఎవరూ నవ్వలేదు. కిందటేడు మాత్రం ఇవే బంగాళాదుంపలకు అందరం నవ్వాం.