బ్రాకెట్లో ఉండిపోయిన వాక్యం

మైకుల బాబాయి రోజూ పొద్దున్నే దేవుడికి దణ్ణం పెట్టుకుని, ఏడింటికల్లా సమావేశ మందిరం తెరిచి, పదకొండు దేశాలనీ కుశలం అడిగేవాడు. ఒక్కో కుర్చీ ముందున్న మైకు నొక్కి, "బాగున్నారా? నిద్ర పట్టిందా?" అనేవాడు. "ఒకటి, రెండు, మూడు" అన్నా మైకు పనిచేస్తుంది గానీ, అది మర్యాద కాదని ఆయన అభిప్రాయం.

ఆ పదకొండూ ఓట్లతో నడిచే దేశాలే. కంప్యూటర్లు మనుషుల జోలికి ఎంతవరకు రావచ్చో అందరికీ ఒకే నియమావళి రాసుకుందామని మూడేళ్లుగా కూర్చుంటున్నాయి. ఏ ఒక్కరు కాదన్నా ఆ మాటని బ్రాకెట్లో పెట్టడం అక్కడి పద్ధతి. బ్రాకెట్ తీసేదాకా అది ఉన్నట్టూ కాదు, లేనట్టూ కాదు. టీ విరామం ఎప్పుడన్నది కూడా ఒకసారి వారం రోజులు బ్రాకెట్లో ఉంది. టీ మాత్రం బాబాయి వేళకే ఇప్పించాడు.

"సరిహద్దు గేటు దగ్గర యంత్రం గుర్తుపట్టకపోతే ఒక మనిషి చూసి నిర్ణయించాలి" అన్న వాక్యం రెండేళ్లుగా బ్రాకెట్లోనే ఉంది. కాదన్నది పొరుగుదేశం ప్రతినిధి ఒక్కతే. నెమ్మదైన మనిషి, తన టీ కప్పు తనే కడిగి పెట్టేది. కానీ యంత్రం పొరబడదని ఆవిడ నమ్మకం.

బాబాయి భార్య, అంటే ఆ మందిరంలో పనిచేసే మా అందరికీ పిన్ని, ముప్పై ఏళ్లు ఆస్పత్రి దుప్పట్లు ఉతికింది. వేళ్ల మీది గీతలు సబ్బుకి అరిగిపోయాయి. పొరుగుదేశంలో కూతురికి నెలలు నిండుతున్నాయని బయల్దేరితే, సరిహద్దు గేటు దగ్గర యంత్రం ఆ వేలిముద్రల్ని గుర్తుపట్టక రెండుసార్లు వెనక్కి పంపింది.

"పదకొండు దేశాలకి మైకులు పెడతారు, ఒక్క గేటు తీయించలేరా?" అంది పిన్ని.

"అది బ్రాకెట్లో ఉందే."

"అయితే పురుడు కూడా బ్రాకెట్లో పెట్టుకోమని పిల్లకి చెప్పండి."

మర్నాడు పొరుగుదేశం మైకు దగ్గరికి వచ్చేసరికి బాబాయికి కుశలం అడగడానికి నోరు రాలేదు. "మీరు బాగానే ఉంటారు తల్లీ. మా ఆవిడ వేళ్లే అరిగిపోయాయి, ఉతికీ ఉతికీ. గేటు రానివ్వదు. పిల్లకి తొలి కాన్పు. అంతే. మైకు బాగానే ఉంది," అన్నాడు ఖాళీ కుర్చీతో.

అద్దాల గదిలో అనువాదకురాలు అప్పటికే వచ్చి కూర్చుంది. మైకు ఎర్రదీపం వెలిగితే అనువదించడం ఆమెకి పద్నాలుగేళ్ల అలవాటు. మాట్లాడేదెవరో చూడకుండా అంతా చెప్పేసింది, మైకు బాగానే ఉందన్న దానితో సహా. పెందలాడే వచ్చి వెనక వరసలో ఇయర్‌ఫోన్లు సరిచూసుకుంటున్న పొరుగుదేశం ప్రతినిధి అదంతా వింది.

"కొంప ముంచాను బాబాయ్, క్షమించండి," అంది అనువాదకురాలు.

"ఉన్నదే చెప్పావు కదమ్మా. దేవుడు ఎవరి నోట పలికిస్తాడో మనకేం తెలుసు."

మధ్యాహ్నం ప్రతినిధి లేచి, "మాకు అభ్యంతరం లేదు," అని కూర్చుంది. కారణం చెప్పలేదు. బ్రాకెట్ తీసేశారు. ఇక పదకొండు చట్టసభలూ ఒప్పుకుంటే నియమం అమల్లోకి వస్తుంది. త్వరగా అయితే ఏడాదిన్నర. కూతురికి ఉన్నది మూడు వారాలు.

సాయంత్రం ప్రతినిధి కప్పు కడుగుతుంటే బాబాయి పొడిగుడ్డ పట్టుకుని పక్కన నిలబడ్డాడు. ఈసారి అనువాదకురాలిని తనే పిలిచి తెచ్చుకున్నాడు.

"అమ్మా, శుక్రవారం మీరెళ్లే రైలుకే మా ఆవిడకీ టిక్కెట్టు తీశాను. గేటు దగ్గర యంత్రం ఎటూ కాదంటుంది. అప్పుడు మీరు కాస్త పక్కన నిలబడి, మీవాళ్లని ఎవరినైనా పిలిచి, ఈవిడ మొహం ఒక్కసారి చూడమని చెబుతారా?"