లోవమ్మ విసిరిన నెత్తళ్ళు

మొగల్తూరు లోవమ్మతో బేరానికి దిగి గెలిచినవాళ్ళు లేరు. అంతటి గయ్యాళి. మొగుడు సముద్రంలో పోయాక ఆ నోటితోనే ఇల్లు నెట్టుకొచ్చింది. ఆనకట్ట కట్టి కాలవల్లో పడవలు తిరగడం మొదలయ్యాక, నెత్తళ్ళనే చిన్న ఎండు చేపల బుట్టతో పోలవరం దాకా పడవలో వెళ్ళి, అక్కణ్ణుంచి కొండల్లో సంతకు నడిచేది. వెంట నాలుగేళ్ళ కూతురు చిన్నమ్మాయి. ఇంటి దగ్గర పిల్లను చూసే దిక్కెవరూ లేరు మరి.

చేపలమ్మే ఆడవాళ్ళంతా అడవిలో గుంపుగా నడిచేవారు. ఆ రోజు పిల్ల కాలికి ముల్లు గుచ్చుకుంది.

"మీరు నడుత్తా ఉండండి, వచ్చేత్తాం" అని లోవమ్మ తోటివాళ్ళను పంపేసింది.

ముల్లు తీసి, బుట్ట నెత్తికెత్తుకునేసరికి వెదురు పొదల పక్కన పెద్దపులి నిలబడి ఉంది.

 అరుద్దామంటే పేరుమోసిన లోవమ్మ నోరు పెగల్లేదు. ఊళ్ళో కుక్కలు బుట్ట వెంట పడితే గుప్పెడు చేపలు విసిరేసి ముందుకు నడవడం ఆమెకు అలవాటు. చెయ్యి ఆ పనే చేసింది. పులి కుక్క కాదని చేతికేం తెలుసు? అది వాసన చూసింది, నాకింది, మళ్ళీ వెంటపడింది. పిల్లను చంకనెత్తుకుని వెనక్కి వెనక్కి నడుస్తూ ఆమె ఇంకో గుప్పెడు విసిరింది. ఆ తరవాత మరొకటి. విసిరినప్పుడల్లా పులి ఇంకాస్త దగ్గరికొచ్చింది. చివరికి బుట్టే విసిరేసింది. తల మీది చుట్టకుదురూ విసిరేసింది. ఇక విసరడానికి ఏమీ లేదు. పిల్ల చెమటలో కూడా చేపల వాసనే. పిల్లను ఎక్కడ దాచాలో తెలియక పైట కప్పి గుండెకు అదుముకుంది. 

పులి పంజాతో బుట్టను చీల్చడం మొదలెట్టింది. దారి మలుపు తిరగ్గానే లోవమ్మ పడుతూ లేస్తూ పరుగెత్తి, వాగు దగ్గర తోటివాళ్ళను కలుసుకుంది. వాళ్ళలో పెద్దది రత్నమాణిక్యం పిల్లను అందుకోబోతే లోవమ్మ చేతులు విడిపడలేదు. ఇద్దరు పట్టి లాగాల్సొచ్చింది.

కాసేపటికి లోవమ్మ తేరుకుని చేతులు చాపింది. చిన్నమ్మాయి రత్నమాణిక్యం మెడ వదల్లేదు.

"పులి రాదులేవే తల్లీ. అమ్మ కాడికెళ్ళు" అంది రత్నమాణిక్యం.

"ఎల్లను. చేపలన్నీ ఇసిరేసింది. బుట్టా ఇసిరేసింది. ఇంక నన్నే ఇసిరేత్తది."

పులి ముందు రాని ఏడుపు లోవమ్మకు అప్పుడొచ్చింది.