అక్క అడిగిన బండ

మొన్న మంగళవారం ఉదయం తొమ్మిదీ పదికి మా ఎదురింటి ముందు ట్రాక్టరు ఆగింది. దాన్నిండా పాత బండలు. ఎదురింటాయన మురుగు కాలువ మీద పరుచుకోవడానికి తెప్పించుకున్నాడు. కూలీలు గడ్డపారలతో ఒక్కొక్కటే కిందికి జారుస్తున్నారు. నేను కాఫీ గ్లాసుతో అరుగు మీద కూర్చుని ఉన్నాను. ఒక బండ అంచు ఇంకో బండకు తగిలి గణగణమని మోగింది. గ్లాసు కింద పెట్టి, చెప్పులేసుకుని వెళ్ళి, ఇవి ఎక్కడివని డ్రైవరును అడిగాను. "పాత ఊర్లో శెట్టిగారి ఇల్లు సార్. పడగొట్టేసినారు. ఆ గోడలు ఊడదీసేకి జేసీబీ పండ్లు రెండు ఇరిగినాయి. ఎవురు కట్టినాడో గానీ, వాని దుంప తెగ!" అన్నాడు. కట్టింది మా తాత అని నేను చెప్పలేదు. ఈ మాట ఎవరికైనా చెప్పాలంటే మా అక్కకు చెప్పాలి. అక్క పోయి ఆరు నెలలయింది. ఏదైనా విన్నప్పుడు ఆమెకు చెప్పాలనుకోవడం, వెంటనే ఆమె లేదని గుర్తు రావడం, ఈ ఆరు నెలలుగా రోజూ జరుగుతూనే ఉంది. అలసటగా ఉంటుంది.

తాతను, అంటే మా అమ్మ వాళ్ళ నాయనను, మేము అబ్బ అనేవాళ్ళం. కల్యాణదుర్గం నుంచి కంబదూరు దాకా వ్యాపారస్తుల రాతి ఇళ్ళు చాలావాటికి ప్లాను ఆయనదే. ప్లాను అనే మాట ఆయన ఎన్నడూ వాడలేదు. కాగితం మీద ఇల్లు గీసేవాళ్ళను కాగితం మేస్త్రులనేవాడు. "వానొస్తే వాళ్ళ ఇల్లు నానిపోతాది" అనేవాడు. మన జిల్లాలో వాన ఎప్పుడొచ్చిందబ్బా అని నేనంటే, "అందుకే బతికిపోతాండారు" అనేవాడు. ఇల్లు కట్టమని ఎవరైనా అడిగితే ముందు ఆ ఖాళీ స్థలంలో తెల్లవారినప్పటి నుంచి పొద్దు గుంకే దాకా ఊరికే కూర్చునేవాడు. ఏ వేళకు ఎండ ఎక్కడ పడుతుందో, సాయంత్రం గాలి ఏ పక్క నుంచి తిరుగుతుందో చూసి చిన్న రాళ్ళు పెట్టుకునేవాడు. ఆ రాళ్ళే ఆయన కాగితం. శెట్టి స్థలంలోనూ అలాగే కూర్చున్నాడు. శెట్టి రెండుసార్లు వచ్చి చూసి, "ఏమప్పా మేస్త్రీ, కూచునేది గూడా పనేనా?" అన్నాడు. "మరి అంగట్లో నువ్వు పొద్దంతా చేసేదేంది శెట్టీ?" అన్నాడు అబ్బ. శెట్టి నవ్వి వెళ్ళిపోయాడు. వాళ్ళిద్దరికీ ముప్పై ఏళ్ళ స్నేహం.

నేనప్పుడు కొత్తగా టీచరు ఉద్యోగంలో చేరి, వేసవి సెలవులకు వచ్చాను. లైబ్రరీలో కట్టడాల మీద ఏదో పుస్తకం చదివి, బరువు దూలం నుంచి గోడకు ఎలా దిగుతుందో అబ్బకు ఒక సాయంత్రమంతా వివరించాను. ఆయన ఓపికగా ఊఁ కొట్టాడు. నా చదువుకు ఇచ్చిన గౌరవం అనుకున్నాను. వారం తర్వాత తెలిసింది, ఆయనకు ఒక్క ముక్క కూడా వినపడలేదని.

రాళ్ళు మాట్లాడతాయని రాసేవాళ్ళున్నారు. నాకు ఆ రాతలు నచ్చవు. రాయిని కొడితే చప్పుడొస్తుంది, అంతే. మిద్దె మీదికి ఎక్కించే ముందు ప్రతి బండనూ రెండు రాళ్ళ మీద ఎత్తిపెట్టి, చిన్న సుత్తితో ఆ కొసనా, నడుమనా, ఈ కొసనా కొడతారు. మంచి బండ మోగుతుంది. లోపల కంటికి కనపడని పగులుంటే ఓటికుండలా బొద్దుమంటుంది. రాతి దూలాల మీద బండలు, బండల మీద జానెడు మందాన చౌడు మట్టి. ఆ బరువంతా ఏళ్ళ తరబడి మోయవలసింది బండే. కింద పడుకునే మనుషులకు దాని సంగతి తెలిసే దారి లేదు. తెలిసినవాడు కొట్టి విన్న మేస్త్రి ఒక్కడే.

ఆ వారం తర్వాత ఒక రోజు శెట్టి ఇంట్లో నడిమింటి మీదికి బండలు ఎక్కిస్తున్నారు. శెట్టి కోడలు కాన్పుకు పుట్టింటికి వెళ్ళి ఉంది. బిడ్డతో వచ్చి ఆ నడిమింట్లోనే పడుకోవాలి. ఆరు బండలు పైకి పోయాయి. అదే ఊళ్ళో కాపురమున్న అక్క, అబ్బకు సంగటి, ఊరిబిండి పచ్చడి తెచ్చి నా పక్కన నిలబడింది. అబ్బ ఏడో బండను కొట్టాడు. బొద్దుమంది. "బాగుండాది. ఎత్తండప్పా" అన్నాడు. పనివాళ్ళు నలుగురూ విన్నారు. ఒకడు ఇంకొకడి మొహం చూశాడు. ఇరవై ఏళ్ళుగా ఆయన ఎత్తమంటే ఎత్తినవాళ్ళు, వంగి చేతులు వేశారు.

"ఒరేయ్, అది పగిలిన బండరా. ఆయప్పకు ఇనపడ్లేదు. పోయి చెప్పు" అంది అక్క.

"నేనా?"

"సదువుకున్నోనివి నువ్వే కదా."

నేను కదల్లేదు. ఎదురుగా వేప నీడలో శెట్టి కూర్చుని ఉన్నాడు. చెవులు పోయాయని ఒక్కసారి బయటపడితే అబ్బకు ఇంకెవరూ ఇల్లు అప్పగించరు. ఇల్లు కట్టకుండా ఆయన ఏం చేస్తాడో మాకెవరికీ తెలియదు. చెప్పకపోతే ఆ బండ ఒక పసిబిడ్డ మీద ఉంటుంది. నేను ఈ లెక్క వేసుకుంటుండగానే అక్క సంగటి ముంత నా చేతిలో పెట్టి, చుట్టూ తిరిగి, అబ్బకు తన పెదవులు కనపడేలా ముందుకు వెళ్ళి నిలబడింది.

"అబ్బా, ఆ బండ నాకియ్యి. మా ఇంట్లో బట్టలుతికేకి బండ లేదు."

పనివాళ్ళు నవ్వారు. శెట్టి కూడా నవ్వాడు. "బాగుండాది మేస్త్రీ! నా మిద్దెకని తెచ్చిన బండ మీద నీ మనవరాలు చీరలుతుకుతాదంట!"

"ఏం మే, ఇన్ని బండలుండంగా అదే కావాల్నా?" అన్నాడు అబ్బ.

"అదే కావాల."

అక్క కళ్ళు దించలేదు. అబ్బ చాలాసేపు ఆమె మొహం చూశాడు. తర్వాత ఎడమ అరచేయి బండ మీద ఆనించి, కుడిచేత్తో సుత్తి తీసుకుని మూడుసార్లు కొట్టాడు. అదురు తెలిసేలా అరచేతిని అక్కడే ఉంచాడు. "దించండప్పా" అన్నాడు. "శెట్టీ, మనవరాలు అడిగింది, ఇస్తాండా. నీకు రాళ్ళ గట్టు నుంచి ఇంగోటి తెప్పిస్తా."

సాయంత్రం శెట్టి వెళ్ళాక ఆ బండను పక్కకు దొర్లించి, సమ్మెట తానే ఎత్తి కొట్టాడు. రెండు ముక్కలైంది. లోపల మూరెడు పొడవున తుప్పు రంగు చార. "ఇంగేం, ఉతికేకి రెండు బండలయినాయి" అంది అక్క. మరునాడు అప్పటికే పైకెక్కిన ఆరింటినీ మళ్ళీ కొట్టి చూశారు. ఒకటి కిందికి దిగింది. అక్కడి నుంచి అబ్బ కొట్టడం, ఎదురుగా నిలబడిన అక్క తల ఊపడం, అబ్బ ఎత్తమనడం. మనవరాలి మీద మేస్త్రికి ప్రేమ ఎక్కువని శెట్టి అందరితో చెప్పుకున్నాడు.

మా వాళ్ళలో ఒక పద్ధతి ఉండేది. కప్పు పూర్తయ్యాక ఇంటివాళ్ళు అడుగు పెట్టకముందు, ఇల్లు ఎలా ఉండాలో నిర్ణయించినవాడు ఒక్కడే ఆ కప్పు కింద వట్టి నేల మీద కూర్చుని కడుపునిండా అన్నం తినాలి. తిన్నంతసేపూ నలుగురు మనుషులు మిద్దె మీద అడుగులు గట్టిగా వేస్తూ తిరగాలి. ఇంటివాళ్ళు బయట ఎండలో నిలబడి చూడాలి. ఆ రోజు అబ్బ కూర్చున్నాడు. శెట్టి పక్కన నేను బయట నిలబడ్డాను. అక్క తన పళ్ళెం కూడా తెచ్చుకుని లోపలికి పోయి ఆయన పక్కన కూర్చుంది.

"ఈడ నీకేం పని మే?"

"బండలు ఇన్నది నేను కదబ్బా."

ఆ మాట ఆయన ఎదుట ఎవరైనా అనడం అదే మొదటిసారి. విన్నాడో, పెదవులు చూశాడో, కొంచెం జరిగి చోటిచ్చాడు. పైన నలుగురూ తిరగడం మొదలుపెట్టారు. వాళ్ళిద్దరూ తొందర లేకుండా తిన్నారు. అబ్బ రెండోసారి సంగటి పెట్టించుకున్నాడు. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు గడిచాయి, ఊరి నిండా ఇళ్ళు లేచాయి. ఇప్పుడు ప్లాను గీసినవాళ్ళు ఎవరూ ఆ కప్పు కింద ముందుగా కూర్చుని అన్నం తినడం లేదు.