నాలో కావలి కూర్చున్నది

మా అత్త అన్నం పెడితే నేను తినేదాన్ని కాదు. కుండలోంచి నా అంతట నేను పెట్టుకుంటేనే ముద్ద దిగేది. పెళ్లయి కట్టంగూరు దగ్గరి పల్లెకు కాపురానికి వచ్చిన కొత్తలో సిగ్గనుకున్నారు. ఏడాది దాటినా అంతే. అత్తకు మనసు విరిగింది.

"నేనేమన్న మందు వెడుతున్ననా నీకు?" అని ఒకనాడు కళ్లనీళ్లు పెట్టుకుంది.

ఆమె మంచిదని నాకు తెలుసు. అయినా ఆమె చెయ్యి నా కంచం వైపు రాగానే కంచం వెనక్కి లాక్కునేదాన్ని.

చివరికి నన్ను వారానికోసారి పెద్దత్త దగ్గరికి పంపసాగారు. అత్తకు అక్క ఆమె. పాలమూరు దవాఖానలో ఆయాగా పనిచేసి, మగడు పోయాక పక్క ఊళ్లో ఒంటరిగా ఉండేది. మనసు బాగాలేని వాళ్లంతా ఆమె దగ్గరికి వెళ్లేవారు. తాయెత్తు కట్టదు, వేపమండలు కొట్టదు. చింతపండు గింజలు తీస్తూ మాట్లాడిస్తుంది, అంతే. నాకు అదే అనుమానం. కోడినడిగే మంత్రగాడికి ఏం కావాలో తెలుస్తుంది. ఏమీ అడగని మనిషికి ఏం కావాలి?

"నీ లోపల తిననంటున్నది ఎవరు?" అంది మొదటి రోజే.

"ఎవరుంటరు? నేనే."

"మరి అత్త ఏడిస్తే బాధపడేదెవరు? గామె ఒకతె, తిననియ్యనిది ఇంకొకతె. గా రెండోదాన్ని జర అడుగు బిడ్డా, ఎందుకు భయపడుతున్నదో."

పెద్దత్త నా మాటలన్నీ అత్త చెవిన వేస్తుందనుకున్నాను. అందుకే ఒక అబద్ధం చెప్పి చూశాను: వచ్చే మంగళవారం ఎవరికీ చెప్పకుండా పుట్టింటికి పారిపోతానని. వారమంతా అత్త ముఖం కనిపెట్టుకుని ఉన్నాను. మంగళవారం అత్త ఇల్లు నాకే వదిలి, పాటలు పాడుకుంటూ కలుపుకు వెళ్లింది.

సిగ్గేసి పెద్దత్తకు ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆమెకు కోపం రాలేదు.

"గది నీ లోపల కావలి కూసున్నదాని పని. దాన్ని ఎల్లగొట్టకు. మంచిగనే కాసినవని చెప్పు. ఎప్పటిసంది కాస్తున్నదో అడుగు."

ఆమెను త్వరగా వదిలించుకుందామనే కళ్లు మూసుకున్నాను. "పదేండ్ల పిల్లప్పటిసంది" అని నా నోటి నుంచే వచ్చింది.

పదేళ్లప్పుడు అమ్మ నాకు తల దువ్వి, బెల్లంముక్క చేతిలో పెట్టి, మేనత్త ఇంటికి పోయి రమ్మంది. ఆ బెల్లం తింటూ నమ్మి బయల్దేరాను. తీసుకెళ్లిన ముసలాయన నన్ను భువనగిరి అవతల ఒక దొర గడీలో వదిలి తిరిగి చూడకుండా పోయాడు. అయిదేళ్లు అక్కడ అంట్లు తోమాను. జబ్బుపడ్డాక ఇంటికి తోలేశారు. అమ్మను నేను ఏమీ అడగలేదు. ఆమె కూడా ఏమీ చెప్పలేదు.

ఇదంతా విని పెద్దత్త గింజలు తీయడం ఆపింది. "గా పిల్లను కాసుకుంట గిన్నేండ్లు నిలవడ్డది పాపం" అంది.

ఆ మాటకు ఏడ్చాను. ఏడుస్తూనే, ఏడిపించడం ఈమెకు అలవాటేమో అనుకున్నాను.

తర్వాత కొన్ని నెలలకు అత్త కలిపిన ముద్ద ఒకటి తినగలిగాను. ముందు వాసన చూసే తిన్నాను. అత్త చూసీ చూడనట్టు ఊరుకుంది.

ఆ ఎండాకాలం అమ్మ నన్ను చూడవచ్చింది. పెరట్లో ఇద్దరమే ఉన్నప్పుడు అడిగేశాను.

"నన్ను యాడికి తోలుతున్నవో నీకెర్కేనా?"

అమ్మ తలెత్తకుండానే చెప్పింది.

"ఎర్కే. తోలకుంటే మీ నాయిన్ని గడీల కట్టేసి కొడుతమన్నరు. నిజం చెప్తే నువ్వు పోకపోదువు."

కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆమె నిజంగానే ఏడుస్తోందా అని కాసేపు చూశాను. ఆ తర్వాతే వెళ్లి పక్కన కూర్చున్నాను.