పై పొర

దేవకుమారికి ఊహ తెలిసినప్పటి నుంచీ ఎండాకాలం పని ఒకటే. వాగులో ఒండ్రు తవ్వి, మిరప చేలకు వెళ్లే ట్రాక్టర్లకు ఎత్తడం. మేస్త్రి మాబు సాహెబ్ తిట్లతోనే ఆ పని నేర్చుకుంది. పార దించే ముందు పై పొర చెక్కి పారెయ్యాలి. ముళ్లు, గాజుపెంకులు అందులోనే ఉంటాయి. చెక్కకుండా గంపకెత్తితే రైతు ట్రాక్టరును తిప్పి పంపేవాడు.

నలభై దాటాక మార్టూరు అవతల వాగు ఒడ్డున ఎకరం కౌలుకు పట్టింది. మొదటిసారి తన మిరప తను వేసుకుంది. ఆ వానలకు వాగు పొంగి చేలో పడింది. నీళ్లు తగ్గేసరికి చేనంతా తెల్లటి పొర, ఎండాక అట్టకట్టింది. ఎగువనున్న గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ గొట్టం పెట్టి వాగులోకి వదిలే రాతిపిండి అది. మొక్కలు నిలబడ్డచోటే వాడిపోయాయి.

ఆఫీసుల చుట్టూ తిరగ్గా తిరగ్గా ఒక అధికారి జీపులో వచ్చాడు.

"వాగు అడుగున మట్టి పరీక్షకు పంపుతామమ్మా. అందులో రాతిపిండి ఉన్నట్టు తేలితే గొట్టం మూయిస్తాం. తేలకపోతే నా చేతుల్లో ఏం లేదు."

బూట్లు చూసుకుని గట్టుమీదే ఆగిపోయాడు. సంచి ఆమె చేతికిచ్చాడు. ఇంతలో ఫోన్ మోగితే అటు తిరిగాడు.

దేవకుమారి చీర ఎగదోపి వాగులోకి దిగింది. పారతో తెల్లటి పొర చెక్కి పక్కకు నెట్టింది. కింది నల్లమట్టి తీసి, వేర్లు ఏరి, సంచి నింపి ఇచ్చింది.

సంక్రాంతి దాటాక కబురొచ్చింది. మట్టిలో ఏ లోపమూ లేదట.

మాబు సాహెబ్ నమ్మలేదు. "అదెట్టా? ఎవరు తీశారు మట్టి?"

"నేనే, బాబాయ్."

"పై పొరో?"

"చెక్కేశా."

"నీ తెలివి తెల్లారినట్టే ఉందే! అమ్మకానికి తీసినట్టు తీశావా?"

"మరి అంత పెద్ద సారు చేతికి చెత్త ఎట్టా ఇస్తాను?" అంది. అన్నాక గానీ తనేం చేసిందో ఆమెకు తట్టలేదు.

మళ్లీ ఆఫీసుకు పరుగెత్తింది. "ఒకసారి తేలిపోయింది కదమ్మా" అని పంపేశారు.

కౌలు వదిలేసుకుంది. ఎండాకాలం వచ్చేసరికి మళ్లీ ట్రాక్టర్ ఎక్కింది. ఒకరోజు లోడు ఆ పాలిషింగ్ యూనిట్‌కే వెళ్లింది. ఆఫీసు ముందు పూలమొక్కలు వేస్తున్నారు. మేనేజర్ మట్టిగడ్డ చిదిమి చూశాడు.

"మన వాగుదేగా? పై పొర తీసేసే తెచ్చారా?"

దేవకుమారి అతని మొహంలోకి చూసింది.

"తీశామండి" అని గంప కుమ్మరించింది.